తొలి కాన్పు: ఎనిమిదో నెల నుంచి బాలింత రోజుల దాకా

తొలి కాన్పుకు టైం పడుతుంది. మొదటి నొప్పికీ బిడ్డ ఏడుపుకీ మధ్య ఒక పగలు, ఒక రాత్రి గడిచిపోవడం మామూలే. అందులో ఎక్కువ భాగం ఇంట్లోనే గడపొచ్చు. అలాగని అన్నిటికీ ఓపిక పట్టకూడదు. ఒక్క నిమిషం ఆగకుండా బండెక్కాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మొదటి నొప్పికే ఆసుపత్రికి పరుగెత్తి, అసలు నొప్పులు వచ్చేసరికి అలిసిపోయేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఉమ్మనీరు పోయినా "తెల్లారనీ, చూద్దాం" అని కూర్చునేవాళ్లూ ఉన్నారు. ఎక్కడ ఓర్చుకోవాలో, ఎక్కడ ఆగకూడదో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. పురుటికి పుట్టింటికి వచ్చిన అమ్మాయిలకు, వాళ్లను చూసుకునే అమ్మలకు, ఫోన్ పట్టుకుని కూర్చునే భర్తలకు ఆ తేడా చెప్పాలనే ఇది రాస్తున్నాను. నేను కన్నది శ్రీకాకుళం జిల్లాలోనే. మామూలు కాన్పే.

ఎనిమిదో నెలలోనే తేల్చుకోవాల్సినవి

మన వైపు మొదటి పురుడు పుట్టింట్లో పోయడం ఆనవాయితీ. అందులో ఒక చిక్కుంది. ఏడో నెల దాకా అత్తవారి ఊళ్లో ఏఎన్ఎం, అంటే ఊరి నర్సమ్మ, చూస్తుంది, తర్వాత అమ్మాయి పుట్టింటికి వస్తుంది. ఇక్కడి ఏఎన్ఎంకు ఆమె పేరు కూడా తెలియదు. అందుకే వచ్చిన వారంలోనే తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు, రక్తపరీక్షల కాగితాలు పట్టుకుని పుట్టింటి ఊరి ఏఎన్ఎం దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. ఆఖరి రెండు నెలల్లో ఆ రోజును వదులుకోకండి.

ఆ పరీక్షల్లో మూడు విషయాలు పట్టుబట్టి తెలుసుకోండి. మొదటిది బీపీ. 140/90 కానీ అంతకు మించి కానీ ఉంటే కాన్పు ఎక్కడ, ఎప్పుడు అన్నది డాక్టరే చెప్పాలి. రెండోది హిమోగ్లోబిన్. 11 కంటే తక్కువైతే రక్తహీనత. ఏడుకు దిగితే చిన్న ఆసుపత్రిలో కాన్పు మంచిది కాదు. మూడోది బ్లడ్ గ్రూప్. మీది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోగా యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. ఈ మాట ముందే కార్డు మీద రాయించండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఆడపిల్లలైతే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. ఈ ఊళ్లుండే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మనకు వేరే చెప్పక్కర్లేదు. కిడ్నీ ఇబ్బంది ఉన్న గర్భిణికి బీపీ ఎక్కే ప్రమాదం ఎక్కువ.

ఇక ఆసుపత్రి. బీపీ, రక్తం, బిడ్డ తిరిగి ఉన్న తీరు అన్నీ బాగుంటే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లోనూ కాన్పు చేస్తారు. అయినా తొలి కాన్పుకు ఆపరేషన్ వసతి ఉన్న ఆసుపత్రిని ఎంచుకోవడమే నయమని నా అభిప్రాయం. టెక్కలి, పలాస, నరసన్నపేట, రాజాంలలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. వాటిపైన శ్రీకాకుళంలో ఇప్పటికీ అందరూ రిమ్స్ అనే పెద్దాసుపత్రి, విజయనగరంలో ఘోషాసుపత్రి ఉన్నాయి. అక్కడా కాకపోతే విశాఖ కేజీహెచ్‌కు రాస్తారు. మీరు అనుకున్న ఆసుపత్రికి ఒకసారి ముందే వెళ్లి ఈ ప్రశ్నలు అడగండి: రాత్రిపూట ఆపరేషన్ చేయగల డాక్టర్ ఉంటారా? మత్తు డాక్టర్ ఉంటారా? రక్తం కావాలంటే ఎక్కడి నుంచి తేవాలి? జవాబు సరిగా రాకపోతే వేరే చోటు చూసుకోవడానికి ఎనిమిదో నెలలో ఇంకా టైం ఉంటుంది.

దారి సంగతి కూడా ఆలోచించండి. కాన్పు డేట్ అక్టోబర్, నవంబర్‌లలో పడితే అది తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయినా, కరెంటు, ఫోన్లు పోయినా మధ్యలో చిక్కుకోకుండా, హెచ్చరిక వినగానే ఆసుపత్రి ఉన్న ఊళ్లో చుట్టాలింటికి చేరిపోండి. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను నాడు విజయనగరంలో బండి కదలదు. రథసప్తమికి అరసవల్లి వైపు అదే పరిస్థితి. నాగావళి, వంశధార పొంగినప్పుడు ముంపు వచ్చే ఊళ్లవాళ్లకు ఇవన్నీ తెలిసినవే. సీతంపేట, సాలూరు వైపు కొండ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు డేట్‌కు కనీసం రెండు వారాల ముందే కిందికి దిగిపోవాలి. గర్భిణులు ఉండేందుకు వసతి గృహం ఉందేమో ఏఎన్ఎంను అడగండి.

డాక్టర్ ఇచ్చిన డేట్‌నే పట్టుకుని కూర్చోవద్దు. చివరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి వేసిన లెక్క అది. సరిగ్గా ఆ రోజునే పుట్టే పిల్లలు నూటికి నలుగురో ఐదుగురో. 37 వారాలు నిండాక ఎప్పుడైనా రావచ్చు. 41 వారాలు దాటితే మాత్రం ఇంట్లో ఉండకుండా డాక్టర్‌ను కలవాలి.

సంచి 36వ వారానికి సర్దేయండి. కార్డు, రిపోర్టులు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒక కవర్లో పెట్టండి. ముందు విప్పుకునే నైటీలు, పెద్ద సైజు ప్యాడ్లు, ఉతికి ఎండబెట్టిన మెత్తని పాత నూలు బట్టలు, బిడ్డకు టోపీ, దుప్పటి, మీకు ఫ్లాస్కు, గ్లాసు, ఫోన్ చార్జర్ చాలు. కొత్త బట్టలు కొన్నా ఉతక్కుండా బిడ్డకు వేయకండి.

నొప్పులు: ఉత్తవా, అసలువా?

తొమ్మిదో నెలలో పొట్ట అప్పుడప్పుడు రాయిలా బిగుసుకుని వదిలేస్తుంటుంది. ఒకటి పది నిమిషాలకు, ఇంకొకటి అరగంటకు, తర్వాతది ఎప్పుడో వస్తుంది. మంచినీళ్లు తాగి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే తగ్గిపోతే అవి ఉత్త నొప్పులు. అసలు నొప్పులు మెల్లగా మొదలైనా ఆగవు. నడిచినా, పడుకున్నా వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కటీ ముందుదాని కంటే కాస్త ఎక్కువ సేపు ఉంటుంది, కాస్త గట్టిగా ఉంటుంది, మధ్య విరామం తగ్గుతూ వస్తుంది. చాలామందికి నడుము కింద మొదలై ముందుకు పొత్తికడుపులోకి వస్తాయి. జిగురుగా, కొంచెం నెత్తుటి జీరతో తెలుపు కనిపించడం కూడా గర్భసంచి ముఖం తెరుచుకోవడం మొదలైందనడానికి గుర్తు. అది కనిపించిన గంటల్లో నొప్పులు రావచ్చు, రెండు మూడు రోజులూ పట్టవచ్చు. ఆ ఒక్కదానికే కంగారు పడక్కర్లేదు.

నొప్పులు లెక్కపెట్టేది ఇలా. ఒక నొప్పి మొదలైన టైం రాయండి, తర్వాతి నొప్పి మొదలైన టైం రాయండి. మొదలు నుంచి మొదలు దాకానే లెక్క. అది ఎంతసేపు ఉందో పక్కన రాయండి. గంటకోసారి చూసుకుంటే చాలు, రాత్రంతా గడియారం చూస్తూ కూర్చోకండి. నిద్ర పడితే పడుకోండి. ఈ దశలో నిద్ర బంగారం. ఆకలేస్తే గంజి, ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు ఏదైనా తేలిగ్గా తినండి. "నొప్పుల్లో తినకూడదు" అని ఇంట్లో పస్తు ఉంచితే తర్వాత ముక్కే బలం ఉండదు. ఆపరేషన్ ఖాయమని డాక్టర్ ముందే చెప్పి ఉంటే మాత్రం ఆవిడ చెప్పినట్టే చేయాలి. గంట గంటకూ ఒంటేలుకు వెళ్లండి, నిండిన మూత్రసంచి బిడ్డ తలకు అడ్డం పడుతుంది.

నాకు నొప్పులన్నీ నడుములోనే తీశాయి. నిలబడి కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగితే, అమ్మ వెనక నుంచి అరచేతి మడమతో నడుము చివర, తోకెముక పైన గట్టిగా నొక్కి పట్టేది. నిమరడం కాదు, నొక్కడం. నొప్పి పెరుగుతున్నంతసేపూ చెయ్యి తీయకూడదు, వదిలాక తీయాలి. ఆ ఒక్క పనితో నొప్పి సగం ఓర్చుకోదగ్గదిగా మారేది. గోరువెచ్చటి నీళ్లు నడుము మీద పోసుకున్నా హాయిగా ఉంటుంది, ఉమ్మనీరు పోనంత వరకూ. నొప్పి వచ్చినప్పుడు ముక్కుతో గాలి పీల్చి, నోటితో మెల్లగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. పళ్లు బిగించకండి, భుజాలు వదులు చేయండి.

ఒక మాట గట్టిగా చెబుతాను. నొప్పులు త్వరగా రావాలని ఊళ్లో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ చేత ఇంజెక్షన్ వేయించుకోవద్దు. అది ఆసుపత్రిలో, సెలైన్‌లో చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె చూసుకుంటూ ఇవ్వాల్సిన మందు. ఇంట్లో ఒక్కసారిగా వేస్తే గర్భసంచి చిరగవచ్చు, బిడ్డకు ఊపిరి ఆగిపోవచ్చు. ఆముదం తాగించడం కూడా అలాంటిదే, వద్దు.

ఎప్పుడు బయల్దేరాలి

ఆసుపత్రి అరగంట దూరంలో ఉంటే, ఐదు నిమిషాలకో నొప్పి, ఒక్కొక్కటీ నిమిషం పాటు, అలా ఒక గంట గడిచాక బయల్దేరితే తొలి కాన్పుకు సరిపోతుంది. నొప్పి వస్తున్నప్పుడు మాట మధ్యలో ఆపేయాల్సి వస్తోందంటే అదీ గుర్తే. ఇచ్ఛాపురం వైపు నుంచి శ్రీకాకుళం రావాలంటేనో, కొండ ఊరి నుంచి దిగాలంటేనో అంతదాకా ఆగకండి. నొప్పులు క్రమంగా పది నిమిషాలకోటి వస్తున్నప్పుడే కదలండి. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. అయినా ఊళ్లో ఒక ఆటోవాలా నంబరు, ఒక కారు నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి.

కింద రాసినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా లెక్కలు పక్కన పెట్టి వెంటనే వెళ్లాలి. నొప్పులు లేకపోయినా సరే:

- ఉమ్మనీరు పోయింది. ఒక్కసారిగా పోయినా, చుక్కలు చుక్కలుగా కారినా ఒకటే. ఎన్ని గంటలకు పోయిందో, రంగేమిటో గుర్తుంచుకోండి. పచ్చగా, నల్లగా ఉంటే బిడ్డ లోపలే దొడ్డికెళ్లిందని అర్థం, ఇంకా తొందర.
- నెలసరి అంత నెత్తురు కనిపించింది.
- బిడ్డ కదలిక తగ్గింది. ఎడమ పక్కకు పడుకుని లెక్కపెడితే రెండు గంటల్లో పది కదలికలైనా తెలియాలి.
- తలనొప్పి విపరీతంగా ఉంది, కళ్లు మసకలు కమ్ముతున్నాయి, ముఖం, చేతులు వాచాయి, డొక్కలో పైన నొప్పి ఉంది. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి.
- జ్వరం వచ్చింది, లేదా 37 వారాలు నిండకముందే నొప్పులు మొదలయ్యాయి.
- బొడ్డుతాడు బయటికి వచ్చింది. అరుదు, కానీ వస్తే మోకాళ్ల మీద వంగి, తల కిందికి, నడుము పైకి ఉంచి తీసుకెళ్లాలి. తాడును లోపలికి తోయకూడదు.

లేబర్ రూమ్‌లో

"ఏటమ్మా, నొప్పులెప్పట్నుంచి?" అనేది మొదటి ప్రశ్న. రాసిపెట్టుకున్న కాగితం అప్పుడు పనికొస్తుంది. బీపీ చూస్తారు, బిడ్డ గుండె వింటారు. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. తర్వాత చెయ్యి పెట్టి చూసి "రెండు వేళ్లు తెరుచుకుంది" అంటారు. ఒక వేలంటే దాదాపు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు. బిడ్డ రావడానికి పది సెంటీమీటర్లు తెరుచుకోవాలి. మొదటి ఐదు సెంటీమీటర్లకు ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఐదు దాటాక తొలి కాన్పుకైనా సాధారణంగా 12 గంటలు మించదు. కాబట్టి నాలుగు గంటల తర్వాత కూడా "ఇంకా మూడు వేళ్లే" అంటే ఏదో తేడా వచ్చిందని ఏడవకండి. నాలుగు గంటలకోసారి చూస్తే సరిపోతుంది, ఊరికే మాటిమాటికీ చెయ్యి పెట్టించుకోనక్కర్లేదు.

ఆడతోడు ఒకరిని లోపలికి రానివ్వమని అడగండి. ప్రభుత్వ నియమాలు దానికి ఒప్పుకుంటాయి. అమ్మో, అప్పో, పిన్నో, కనడం తెలిసి, కంగారు పడనివాళ్లయితే మంచిది. పక్కన కూర్చుని అన్నీ భయం మాటలు చెప్పే చుట్టాలను బయటే ఉంచండి. ఉన్న తోడు చేయాల్సింది నీళ్లు అందించడం, నడుము నొక్కడం, చెమట తుడవడం, "ఈ నొప్పి పోతోంది, అయిపోతోంది" అని చెప్పడం. మంచానికి అతుక్కుపోకండి. డాక్టర్ వద్దనకపోతే నడవండి, నిలబడి గోడకు ఆనుకోండి, పడుకుంటే ఎడమ పక్కకు పడుకోండి. వెల్లకిలా పడుకుంటే నొప్పీ ఎక్కువ, బిడ్డకు రక్తమూ తక్కువ. నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే ఎపిడ్యూరల్ అన్ని చోట్లా దొరకదు. కావాలనుకుంటే ఎనిమిదో నెలలోనే అడిగి ఉంచాలి.

ఏడెనిమిది సెంటీమీటర్లు దాటాక ఒక ఘట్టం వస్తుంది. ఒళ్లు వణుకుతుంది, వాంతి వస్తుంది, విరామం లేకుండా నొప్పి మీద నొప్పి వస్తుంది. "ఇంక నా వల్ల కాదు, కోసేయండి" అని నేనూ అరిచాను. పెద్ద సిస్టరమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఆ మాట వచ్చిందంటే దగ్గర పడ్డట్టేనమ్మా" అంది. నిజం. ఆ ఘట్టమే అన్నిటికంటే కష్టం, అన్నిటికంటే చిన్నది కూడా. మీ తోడుకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, ఆ టైంలో ఆవిడ బెదిరిపోకూడదు.

ముక్కాల్సిన వేళ

గట్టి విరేచనం వచ్చినట్టు కిందికి ఒత్తిడి వస్తుంది. ఆపుకోలేనంత వస్తుంది. అయినా పూర్తిగా తెరుచుకుందని సిస్టర్ చెప్పేదాకా ముక్కకండి. అప్పటిదాకా నోరు తెరిచి చిన్న చిన్న ఊపిరులు వదలండి. తెరుచుకోకముందే ముక్కితే ముఖద్వారం వాచిపోతుంది. తెరుచుకున్నాక నొప్పి వచ్చినప్పుడే ముక్కండి, నొప్పి పోగానే ఒళ్లు వదిలేయండి. గడ్డం గుండెకు ఆనించి, బలమంతా గొంతులో కాక కింద పెట్టండి. కేకలతో బలం పోతుంది. ముక్కేటప్పుడు దొడ్డి రావడం సహజం, అక్కడున్నవాళ్లు రోజూ చూసేదే. సిగ్గుపడి ముక్కడం ఆపితే బిడ్డ ఆగిపోతుంది. తొలి కాన్పులో ఈ దశ మూడు గంటల వరకూ పట్టవచ్చు.

తల బయటికి వచ్చేటప్పుడు చుట్టూ మంట పుడుతుంది. అప్పుడు ముక్కొద్దంటారు, వినండి. మెల్లగా వస్తే చిరుగు తక్కువ. కొందరికి కొంచెం కోసి కుట్లు వేయాల్సి వస్తుంది. అందరికీ చేయాల్సిన పని మాత్రం కాదు. పొట్ట మీద ఎక్కి నొక్కడం మంచి పద్ధతి కాదు, వద్దని మీ తోడు చెప్పవచ్చు.

బిడ్డ రాగానే పని అయిపోలేదు. నిమిషంలోపు తొడకు ఒక ఇంజెక్షన్ వేస్తారు, నెత్తురు ఎక్కువ పోకుండా. బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోస్తే బిడ్డకు రక్తం బాగా అందుతుంది. మాయ సాధారణంగా అరగంటలో వస్తుంది. బిడ్డ బాగా ఏడ్చి ఉంటే ఒళ్లు తుడిచి నేరుగా మీ గుండెల మీద పడుకోబెట్టమని అడగండి, పైన దుప్పటి కప్పాలి. మొదటి గంటలోనే రొమ్ము పట్టించండి. పచ్చగా చిక్కగా వచ్చే ముర్రుపాలను పిండి పారేయకండి. "పాలు పడలేదు" అని మొదటి రోజే డబ్బా పాలు తెప్పిస్తారు. బిడ్డ పొట్టకు ఆ రోజు కొన్ని చుక్కలే చాలు. చప్పరిస్తే పాలు పడతాయి. తేనె, గాడిదపాలు, ఆముదం ఏవీ నాలుకకు రాయకండి. ఆరు నెలల దాకా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి, విటమిన్-కె ఇంజెక్షన్ పడ్డాయో లేదో ఇంటికి బయల్దేరేముందు కార్డులో చూసుకోండి.

ఆపరేషన్ అంటే

ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. అందులో అవసరమైనవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. బిడ్డ గుండె దెబ్బతింటోందన్నా, బిడ్డ అడ్డంగా ఉందన్నా, మాయ కిందికి ఉందన్నా, గంటలు గడిచినా తెరుచుకోవడం లేదన్నా వాదించకుండా సంతకం పెట్టాలి. ఆ నిమిషాలు విలువైనవి. తొందర లేనప్పుడు మాత్రం "ఎందుకు చేయాలి, ఇంకాసేపు ఆగితే ఏమవుతుంది" అని అడిగి తెలుసుకోండి. ముహూర్తం కోసం 39 వారాలు నిండకుండా కోయించుకోవడం నాకు అస్సలు ఒప్పుదల కాదు. ముందే తీసిన బిడ్డ ఊపిరి కోసం గాజుపెట్టెలో పడుకోవాల్సి వస్తే ఆ ముహూర్తం ఎవరికి మంచి? ఆపరేషనైనా పాలు మొదటి గంటలోనే పట్టించవచ్చు, పక్కనున్నవాళ్లు బిడ్డను పట్టుకుంటే చాలు.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం కింద అది మీ హక్కు. బిడ్డను చూపించడానికి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వక్కర్లేదు, సూపరింటెండెంట్‌కు చెప్పండి. ఇంటికి దించడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు అయిందో లేదో ఆసుపత్రిలోనే అడిగి వెళ్లండి.

బాలింత రోజులు

మొదటి 24 గంటలు నెత్తురు మీద కన్నేసి ఉంచాలి. గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, నిమ్మకాయంత గడ్డలు పడుతున్నా, కళ్లు తిరుగుతున్నా వెంటనే సిస్టర్‌ను పిలవండి. సిగ్గుతో దుప్పటి కింద దాచుకోకండి. కాన్పయిన ఆరు గంటల్లోపు ఒంటేలుకు వెళ్లాలి.

ఇంటికొచ్చాక పథ్యం పేరుతో మంచినీళ్లు తగ్గించడం ఒక్కటి మానేయండి. నీళ్లు చాలకపోతే మలబద్ధకం వచ్చి కుట్లు నొప్పెడతాయి. తెలగపిండి కూర, పాలసొర పిట్టు, వెల్లుల్లి కారం, బాలింతలకు చేసే కాయం మన పెద్దవాళ్లు ఇష్టంగా పెడతారు, తినండి. వాటితో పాటు పప్పు, గుడ్లు, ఆకుకూరలు, పెరుగు, పళ్లు కూడా తినాలి. ఐరన్ మాత్రలు కాన్పయ్యాక 180 రోజులు. తలుపులన్నీ మూసి మంచం కింద కుంపటి పెట్టకండి, బిడ్డకు సాంబ్రాణి పొగ వేయకండి. బొడ్డుకు ఏమీ రాయకండి, పొడిగా ఉంచితే దానంతట అదే రాలిపోతుంది. పుట్టిన రోజే స్నానం వద్దు, 24 గంటలు ఆగాలి.

పాలు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రాత్రి కూడా. ఐదారు రోజులకల్లా బిడ్డ రోజుకు ఆరుసార్లైనా ఒంటేలు పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. పాలు తాగకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, ఊపిరి నిమిషానికి 60 దాటినా, పసుపుదనం అరచేతులకు, అరికాళ్లకు పాకినా పసరు మందులు పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. రాకపోతే మీరే పిలిపించుకోండి.

తల్లికి జ్వరం, దుర్వాసన వేసే స్రావం, ఒక కాలు వాచి నొప్పి, విపరీతమైన తలనొప్పి ఆరు వారాల్లో ఎప్పుడు వచ్చినా చూపించుకోవాలి. మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్య ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, నిద్ర, తోడు దొరికితే పోతుంది. రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గకపోతే, బిడ్డ మీద ఇష్టం కలగకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది గారాబం కాదు, దిష్టీ కాదు, జబ్బు. మందు ఉంది. అమ్మకు చెప్పండి, డాక్టర్‌కు చెప్పండి, ఎవరికీ చెప్పలేకపోతే 14416 టెలీమానస్‌కు ఫోన్ చేయండి, డబ్బు ఖర్చు కాదు. ఆరో వారంలో తల్లి పరీక్ష, బిడ్డ టీకా ఒకే రోజు పెట్టుకుంటే ఒక్క ప్రయాణంతో రెండు పనులూ అవుతాయి.